జిగురు ఆరాక

ఎడమ పక్క ఆఖరి పలక అతికించడానికి గురునాథరావుకి గురువారం సాయంత్రం అరగంట పట్టింది. వేడినీళ్ళలో నానబెట్టిన టేకు పట్టీ అది, కొలబద్ద కన్నా సన్నం. ఓడ బొమ్మ ముక్కు దగ్గర వంపు తిరగాల్సిన చోట బొటనవేలితో నొక్కిపట్టి, ఒకటి నుంచి అరవై దాకా మనసులో లెక్కపెట్టి వదిలాడు. పట్టీ కొస లేచి నిలబడింది. మళ్ళీ నొక్కాడు. ఈసారి వేలు జారి, పట్టీ పక్కకి తిరిగి, కింది పలకకీ దానికీ మధ్య బియ్యపు గింజ పట్టేంత సందు పడింది. రంపపు పొట్టులో జిగురు కలిపి ఆ సందులో కూరి, తడిగుడ్డతో తుడిచాడు.

"అయిపోయింది" అన్నాడు.

క్లబ్బు గదిలో ఉన్న ఏడెనిమిది మందీ చప్పట్లు కొట్టారు. టౌన్‌షిప్ కమ్యూనిటీ హాలు వెనకాల గది అది. ఓడల బొమ్మలు చేసే సరదా ఉన్నవాళ్ళు ఆదివారాలు అక్కడ చేరతారు. ఎల్లుండి ఎగ్జిబిషన్ కాబట్టి ఈ వారం రోజూ చేరుతున్నారు. సముద్రానికి ఐదువందల కిలోమీటర్ల దూరంలో, ఈ హిందీ ఊళ్ళో ఇదేం పిచ్చని బయటివాళ్ళు నవ్వుతారు. గురునాథరావుది భీమిలి. ఈ ఊరి ఉక్కు ప్లాంటులో పోత పోయడానికి ముందు చెక్కతో అచ్చులు చేసే పేటర్న్ షాపులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఈ క్లబ్బు పెట్టింది అతనే. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసింది కూడా అతనే: 'ముందు మెచ్చుకో. అడిగితేనే తప్పు చెప్పు.'

"సందు ఉండిపోయిందా అంకుల్?" అని అడిగింది భాగ్యరేఖ. ఆమె ప్లాంటు స్కూల్లో సైన్సు టీచరు. మొదటిసారిగా ఒక చిన్న టగ్ బోటు చేస్తోంది.

"ఉంటే ఉందిలేమ్మా. జిగురు ఆరాక పలకలు వాటంతటవే సర్దుకుంటాయి. ఏడాదై చూస్తన్నాను కదా. సాయంత్రం వంకరగా కనిపించింది, మళ్ళీ వచ్చి చూస్తే తిన్నగా ఉంటాది. తొందరపడి ఇప్పకూడదు. ఓపిక పట్టాలి."

"రాసుకోండి, రాసుకోండి. ఇలాంటివి పుస్తకాల్లో దొరకవు" అన్నాడు క్లబ్బు ప్రెసిడెంటు సురేంద్రనాథ్. ప్లాంటులో పెద్ద హోదాలో రిటైరైన మనిషి. భాగ్యరేఖ తల దించుకుని పుస్తకంలో ఏదో గీసింది.

తలుపు పక్క స్టూలు మీద కూర్చున్న ధర్మయ్య మాత్రం ఓడ వైపే చూస్తున్నాడు. టౌన్‌షిప్ క్వార్టర్లలో కిటికీలూ తలుపులూ బాగుచేసే కాంట్రాక్టరు దగ్గర వడ్రంగి అతను. మూడేళ్ళ కిందట ఈ గది కిటికీ బిగించడానికి వచ్చి, పని అయిపోయినా కదలకుండా నిలబడితే, గురునాథరావే ఒక పట్టీ చేతికిచ్చి కూర్చోబెట్టాడు. ప్లాంటు ఉద్యోగులకీ, రిటైరైనవాళ్ళకీ తప్ప క్లబ్బులో సభ్యత్వం లేదు. అందుకని ధర్మయ్యది స్టూలు. కానీ తాళ్ళు చిక్కుపడినా, తెరచాప గుడ్డ ముడుచుకుపోయినా అందరూ ఆ స్టూలు దగ్గరికే వెళతారు.

భాగ్యరేఖ ఇప్పుడూ వెళ్ళింది. "ధర్మయ్య భయ్యా, ఈ దారాలన్నీ ఒకే దూరంలో రావట్లేదు."

"దువ్వెన తెచ్చుకోండమ్మా, పాత దువ్వెన. పళ్ళ మద్దిన దారాలెట్టీసి కింద ముడెయ్యండి. అప్పుడు దువ్వెన తీసెయ్యండి. ముందల తేనెమైనం రాయండి, నేకపోతే దారం నూగుగా ఉండిపోతాది."

"వాహ్!" అందామె.

వెళ్ళేటప్పుడు గురునాథరావు ధర్మయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "ఎగ్జిబిషన్ అయ్యాక మీటింగుంది. నీ సభ్యత్వం సంగతి నేనే ఎత్తుతాను. వచ్చే ఏడు నీ ఓడ కూడా అద్దాల పెట్టెలో ఉంటాది. సరేనా?"

"మీ దయ గురువుగోరూ" అన్నాడు ధర్మయ్య. ఇంకేదో అనబోయి, ఓడ మీద పాత గుడ్డ కప్పే పనిలో పడ్డాడు.

శనివారం హాలు కిటకిటలాడింది. స్కూలు పిల్లలు, రిటైరైనవాళ్ళు, దుర్గ్ నుంచి వచ్చిన బంధువులు. గురునాథరావు ఓడని హాలు మధ్యలో అద్దాల పెట్టెలో పెట్టారు. ఒకప్పుడు భీమిలి రేవులో తిరిగిన రెండు తెరచాపల ఓడ. కింద చీటీ మీద అతని పేరు ఒక్కటే ఉంది.

"అంకుల్, ఫోటో తీశాను, దేఖియే" అంటూ భాగ్యరేఖ ఫోన్ తెచ్చి, అతని కళ్ళకి ఆనేట్టు బొమ్మని వేళ్ళతో పెద్దది చేసింది.

ఎడమ పక్క, ముక్కు దగ్గర. అతను అతికించిన ఆఖరి పలక. సందు లేదు. సందులో కూరిన పొట్టూ లేదు. జిగురు ఆరి సర్దుకుంది అనుకున్నాడు. కానీ పలక కొస వేరేగా ఉంది. అతను ఎప్పుడూ కొసని సూదిలా చెక్కి వదిలేస్తాడు. ఇక్కడ కొస మొండిగా ఉంది. పక్క పలకలో చిన్న గాడి తీసి, అందులోకి దింపి ఉంది. అలా చేస్తే కొస ఎన్నేళ్ళకీ లేవదు. ఆ పని తెలిసినవాడు ఈ హాల్లో ఒక్కడే ఉన్నాడు.

కింద పలక చూశాడు. అదీ అంతే. దాని కిందదీ అంతే. ఫోన్ ఆమె చేతికిచ్చేసి పెట్టె చుట్టూ తిరిగి, వంగి, కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని చూశాడు. కుడి పక్క కూడా. కింద నుంచి ఐదో పలక దాకా అతనివే. అవి పోయిన ఏడాది చలికాలంలో వేసినవి. ఆ పైవి ఒక్కటీ అతనివి కావు. పలకల మధ్య నల్లటి తారు గీతలా కనిపించడానికి పెన్సిల్ ముక్కు రుద్దుతారు. ఐదో పలక పైన అతను రుద్దిన గీత ఎక్కడా కనిపించలేదు. ఇక్కడున్నది వెంట్రుకంత సన్నగా, ఈ చివర నుంచి ఆ చివరికి తెగకుండా సాగిన గీత.

"ధర్మయ్య ఇవన్నీ ఎప్పుడు చేశాడు?"

భాగ్యరేఖ ఫోన్ సంచీలో పెట్టుకుంది.

"నిన్నే అడుగుతున్నానమ్మా."

"లంచ్ టైంలో అంకుల్. గదిలో ఎవరూ లేనప్పుడు, వీక్ డేస్‌లో." ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మీ పట్టీలు ఇప్పేసి మళ్ళీ వేసేవాడు. సురేంద్రనాథ్ సారే తాళం ఇచ్చారు. మెయిన్ పీస్ మీదే కదా, ఖరాబ్ అయితే క్లబ్ పరువు పోతుందని."

"ఎవరెవరికి తెలుసు?"

"సబ్‌కో." వెంటనే తెలుగులోకి వచ్చింది. "అందరికీ. మీరు బాధపడతారని ఎవరూ..."

గురునాథరావు కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. చూపుడువేలూ బొటనవేలూ ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నట్టు కదులుతున్నాయి. చలి అనుకున్నాడు ఒకప్పుడు. తర్వాత కాఫీ అనుకున్నాడు. ఓడ ఇంత బాగా వస్తుంటే చేతుల్లో లోపం ఎలా ఉంటుందని, ఆ తర్వాత ఏమీ అనుకోలేదు. ఏడాది పాటు ప్రతి ఆదివారం వీళ్ళందరి ముందూ నిలబడి, జిగురు ఆరాక పలకలు సర్దుకుంటాయని పాఠం చెప్పాడు. చప్పట్లు కొట్టించుకున్నాడు.

ఎవరో పిల్లవాడిని ఎత్తుకుని వచ్చి, "ఇదంతా మీ చేత్తోనే చేశారా అంకుల్?" అని హిందీలో అడిగారు. అతను పక్కకి తప్పుకున్నాడు.

ఆదివారం పదకొండింటికి బహుమతులు. ధర్మయ్య ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, భార్య అచ్చమ్మని వెంటబెట్టుకుని వచ్చి వెనకాల స్తంభం దగ్గర నిలబడ్డాడు. మొదటి బహుమతి గురునాథరావుదని చదివారు. ముఖ్య అతిథి ఇచ్చిన కప్పుని అతను బల్ల మీద పెట్టి మైకు అందుకున్నాడు. రాత్రంతా కూర్చుకున్న మాటలు.

"ఈ ఓడ నాది కాదండీ. అడుగున ఐదు పలకలు నావి. మిగిలిందంతా ధర్మయ్యది. నాకు చేతులొణుకుతున్నాయి. ఆ సంగతి నిన్నటిదాకా నాకే తెలీదు. ఇంకోటి. జిగురు ఆరాక పలకలు సర్దుకుంటాయని మీకు చెప్పాను. సర్దుకోవు. ఎవరో ఒకరు కూర్చుని సర్దాలి. ఆ మనిషి అదిగో, అక్కడున్నాడు."

చప్పట్లు మొదలై ఆగలేదు. ముందు వరుసలో ఇద్దరు లేచి నిలబడ్డారు. గురునాథరావు గుండె పొంగింది. ఆ చప్పట్లు ధర్మయ్యకే అనుకున్నాడు. చెయ్యి చాపి రమ్మని పిలిచాడు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. ధర్మయ్య అచ్చమ్మ మోచెయ్యి పట్టుకుని స్తంభం చాటుకి జరుగుతున్నాడు.

సురేంద్రనాథ్ మైకు తీసుకున్నాడు. "ఇంత నిజాయితీ మనకి ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది? ఇంకోసారి చప్పట్లు కొట్టండి." కొట్టారు. "అయితే రూల్స్ ప్రకారం ఎంట్రీ సొంత పని అయి ఉండాలి. కాబట్టి బహుమతి రెండో స్థానం వారికి వెళుతుంది. సభ్యుడు కాని వ్యక్తి తాళం వేసిన గదిలోకి ఎలా వెళ్ళాడో, సభ్యుల వస్తువులు ఎలా ముట్టుకున్నాడో, అది కమిటీ ఎంక్వయిరీ చేస్తుంది."

గురునాథరావు తల తిప్పి అతని వైపు చూశాడు. తాళం ఇచ్చింది మీరే కదా అన్న మాట నాలుక మీదకి వచ్చింది. మైకు మూడడుగుల దూరంలో ఉంది. అప్పుడే ముఖ్య అతిథి అతని రెండు చేతులూ పట్టుకుని, "ఆప్ జైసే లోగ్ కమ్ హై" అని, మీలాంటివాళ్ళు అరుదంటూ ఊపాడు. ఫోటో తీసేవాడు ఇటు చూడమన్నాడు. అతను చూశాడు. ఫోటో అయ్యేసరికి మైకు పక్కవాడి చేతిలోకి వెళ్ళిపోయింది. స్తంభం దగ్గర ఎవరూ లేరు.

సోమవారమంతా ఫోన్ మోగుతూనే ఉంది. క్లబ్బు వాట్సాప్ గ్రూపులో దండాలు, పువ్వులు, చప్పట్ల బొమ్మలు. 'మీరు మాకు ఆదర్శం సర్.' 'కప్పు కన్నా మీ మాట గొప్పది.' సాయంత్రం నాలుగింటికి వాటి మధ్య బూడిదరంగులో ఒక చిన్న వాక్యం వచ్చింది. ధర్మయ్యని సురేంద్రనాథ్ గ్రూపులోంచి తీసేసినట్టు. దాని కింద మళ్ళీ పువ్వులు.

ధర్మయ్యకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మంగళవారం పొద్దున్న కమ్యూనిటీ హాలు వాచ్‌మన్ చెప్పాడు: గది తాళం మార్చేశారట. కాంట్రాక్టరు ధర్మయ్యని టౌన్‌షిప్ పనిలోంచి తీసి ఊరికి దూరంగా నందిని గనుల కాలనీకి పంపేస్తున్నాడట, దొంగతనంగా గదులు తెరిచేవాణ్ణి క్వార్టర్లలోకి పంపలేనన్నాడట.

గురునాథరావు అక్కణ్ణుంచే నెహ్రూ నగర్ వెళ్ళాడు. సురేంద్రనాథ్ వరండాలో పేపర్ చదువుకుంటున్నాడు. రండి రండి అని కుర్చీ లాగాడు. అతను కూర్చోలేదు.

"తాళం మీరే ఇచ్చారు."

"ఎవరన్నారు?"

"భాగ్యరేఖ."

"పిలిపించండి. నా ఎదురుగా అనమనండి." సురేంద్రనాథ్ పేపర్ మడిచాడు. గొంతులో కోపం లేదు. "పాపం, ఆవిడ బోటు కూడా ధర్మయ్యే సగం చేశాడు. అంటుందంటారా? చూడండి గురునాథరావుగారూ, ఆ ముక్క నా చెవిలో చెప్పుంటే నేను సర్దేవాణ్ణి. మీరు వేదిక మీద చెప్పారు. కాంట్రాక్టరు ఫోన్ చేసి అడిగాడు. నేనేం చెప్పను? నేనే పంపానని చెప్పనా?"

"నిజం చెప్పండి."

"నిజం తెలిసే కదా మీరూ ఊరుకున్నారు. ఆదివారం మైకు మీ పక్కనే ఉంది." నవ్వాడు. "పోనివ్వండి. మీ పేరు ఎంత పెరిగిందో చూడండి. టీ తాగుతారా?"

బుధవారం పొద్దున్న, ఎగ్జిబిషన్ నుంచి ఇంటికి తెచ్చుకున్న ఓడని పాత దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఊరి చివర మరోదా బస్తీకి వెళ్ళాడు. ధర్మయ్య ఇల్లు రేకుల కప్పు ఇల్లు. వాకిట్లో చాప పరుచుకుని ఉలులకి నూనె రాసి, ఒక్కొక్కటీ గోనెగుడ్డలో చుడుతున్నాడు. గురునాథరావుని చూసి లేవలేదు. అచ్చమ్మ లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసి, మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

"నందినికి ఎప్పుడు?"

"రేపట్నించి. ఆరింటికి లారీ వొస్తాది. ఆదోరం సెలవు కూడా నేదట." ఉలి అంచుని బొటనవేలితో చూసుకున్నాడు. "ఏటి తెచ్చినారు?"

గురునాథరావు దుప్పటి విప్పి ఓడని చాప మీద పెట్టాడు. "ఇది నీది."

"నాకెందుకండి?"

"నువ్వు చేసింది. నీ దగ్గరుండాలి."

"నాదెలాగవుతాది? నా ఓడైతే నాను ఇలగ సెయ్యను. ముక్కు ఇంకా పైకి లేపుతాను. మీరు గీసిన గీత మీద మీకోసం సేసినాను." ధర్మయ్య ఓడని ముట్టుకోలేదు. "తీసుకెల్లిపోండి. పిల్లలాడితే ఇరిగిపోతాది."

లోపల అచ్చమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది.

"నాతో ఎందుకు చెప్పలేదయ్యా? ఒక్కసారి చెప్పలేకపోయావా, పట్టీ వంకరపోయింది, చెయ్యి వణుకుతోందని?"

"ఎలగ సెప్తాను? అడిగితేనే తప్పు సెప్పాలని గోడ మీద రాసీసినారు. మీరెప్పుడైనా అడిగినారా?" ధర్మయ్య మొదటిసారి తలెత్తాడు. "మీరేమో మైకట్టుకుని సెప్పీసినారు. మీ మనసు తేలికైపోనాది. అందరూ మీకు సప్పట్లు కొట్టినారు. నన్ను వేలెట్టి సూపించినారు. నాకేటి మిగిలింది? నన్నడిగినారా ముందల, ధర్మయ్యా సెప్పనా, వొద్దా అని?"

శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం పదకొండింటి దాకా గురునాథరావుకి టైముంది. ఫోన్ నంబరుంది. అడగాలని తోచనేలేదు.

"తాళం సంగతి కూడా నాకు తెలుసు" అన్నాడు చివరికి. "సురేంద్రనాథ్ ఇచ్చాడని. తెలిసీ అక్కడ మాట్లాడలేదు."

"తెల్సా?" ధర్మయ్య ఉలి కింద పెట్టాడు. కాసేపు అతని మొహంలోకి చూసి, మళ్ళీ ఇంకో ఉలి అందుకున్నాడు. "మీకు తెల్దేమో అనుకున్నాను. తెల్దులే, పాపం అనుకుని రెండు దినాలు సర్దుకున్నాను."

ఆ మాట తర్వాత కూర్చోవడం కష్టమైంది. అతను లేచి ఓడని మళ్ళీ దుప్పట్లో చుట్టబోయాడు. దుప్పటి కొస రెండుసార్లు చేజారింది. ధర్మయ్య చూస్తూ ఊరుకోలేక దగ్గరికి వచ్చి, తెరచాప కర్ర విరగకుండా చుట్టి ముడివేశాడు.

"మీ సేతులు అయిపోనాయి గురువుగోరూ" అన్నాడు, ముడి వైపు చూస్తూ. "సన్న పని ఇంక సెయ్యలేరు. డాక్టరికి సూపించుకోండి. ఏడాది కిందటే ఎల్లుంటే బాగుండును."

అంత సూటిగా ఆ మాట అతనికి ఎవరూ చెప్పలేదు. మొదట కోపం వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళు చెక్క పట్టిన చేతులు! అది దిగిపోయాక, అడగాల్సింది అడిగాడు.

"నా పట్టీలు సర్దమని సురేంద్రనాథే చెప్పాడా నీకు?"

"ఆయన తాళమిచ్చినాడు గానీ, ముందల సెప్పింది ఆయన కాదు." ధర్మయ్య ముడి ఇంకోసారి బిగించాడు. "మీ ఇంట్లో సీతమ్మగోరే సెప్పినారు. ఆయనకి ఓడ తప్ప ఏటీ నేదు, సేతులు పోనాయని తెలిస్తే మంచమెక్కేస్తారు, కొంచెం సూసుకో నాయినా అని. మా ఇంటికొచ్చి, ఇక్కడే కూకుని సెప్పినారు."

గురునాథరావు ఓడ ఎత్తుకుని బయటికి వచ్చాడు. ఆటో దొరికేదాకా ఎండలో నిలబడ్డాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య సీత టీ పెడుతోంది. ఓడ తిరిగి రావడం చూసి, తీసుకోలేదా అని అడిగింది. లేదన్నాడు. ఆమె స్టీలు గ్లాసులో టీ పోసి ఇచ్చింది. సగం గ్లాసు. ఏడాదిగా సగమే ఇస్తోంది. అది తాగాక మిగతా సగం పోస్తుంది. పంచదార తగ్గించడానికి ఏదో చిట్కా అనుకుని అతను ఎప్పుడూ అడగలేదు.

"నిండా పొయ్యి" అన్నాడు.

సీత అతని మొహం చూసింది. ధర్మయ్య చెప్పేశాడని అర్థమైంది ఆమెకి. గిన్నె వంచి నిండా పోసింది. అతను గ్లాసు ఎత్తాడు. పెదవుల దాకా వచ్చేలోపు టీ వేళ్ళ మీదా, పంచె మీదా, నేల మీదా ఒలికింది. సీత గుడ్డ అందుకుంది గానీ తుడవలేదు. మిగిలింది తాగి గ్లాసు కింద పెట్టాడు.

"మీరు బాగుండాలనే..." అంది ఆమె.

"తెలుసు. అందరూ నేను బాగుండాలనే. ధర్మయ్య నందిని పోతున్నాడు." పంచె అంచుతో వేళ్ళు తుడుచుకున్నాడు. "కాగితం తీసుకురా. ఈ చేతుల్తో నేను రాయలేను. నేను చెప్తాను, నువ్వు రాయి."

కాంట్రాక్టరుకి ఉత్తరం. గది తాళం ఎవరు ఇచ్చారో, ఎవరికోసం ఇచ్చారో, ఆ సంగతి తెలిసి కూడా వేదిక మీద తను ఎలా ఊరుకున్నాడో, వరసగా చెప్పాడు. సీత ఆపకుండా రాసింది. ఒక చోట మాత్రం కలం ఎత్తి అడిగింది.

"దీనివల్ల ధర్మయ్యని వెనక్కి తీసుకుంటారా?"

"తీసుకోరు. రేపు ఆరింటికి లారీ వచ్చేస్తుంది."

"మరి?"

"రాయి."

ఉత్తరం అయ్యాక అతను కలం తీసుకుని సంతకం పెట్టాడు. అక్షరాలు ఒకదాని మీదికొకటి ఎక్కి గీత కిందికి దిగిపోయాయి. బ్యాంకులో చూపిస్తే తనది కాదంటారు. సీత ఆ సంతకాన్ని చూసి, అతని చేతిలోంచి కలం తీసుకుంది. ధర్మయ్యని ఆ పని చెయ్యమని మొదట అడిగింది తనేనని ఇంకో వాక్యం రాసి, దాని కింద తన పేరు పెట్టింది.